గ్రంథస్వామ్యము – నాడు, నేడు

పాత తెలుగు పుస్తకము దేనినైనను తీసి మొదటి పుట తిప్పినచో, అడుగున సన్నని అక్షరములలో ఒక పంక్తి కనబడును. కొన్నిటిలో "సర్వస్వామ్యములు గ్రంథకర్తవి" అని, కొన్నిటిలో "కాపీరైటు రిజిస్టర్డు" అని ఉండును. ఆ పంక్తిని ఆగి చదివినవారు మనలో తక్కువ. మేమును నిరుటి ఉగాది వరకు చదివినవారము కాము. చదువవలసిన అవసరము ఎట్లు కలిగినదో ముందుగా మనవి చేసికొనెదము.

మన పెరంబూరు తెలుగు కుటుంబములలో చాలవరకు మూడు నాలుగు తరముల క్రిందట రైలు పనికి వచ్చి ఇక్కడ స్థిరపడినవి. పిల్లలు ఇంట తెలుగు మాటాడుదురు గాని, బడిలో నేర్చునది తమిళము, ఇంగ్లీషు. వారికి తెలుగు అక్షరములు నేర్పుటకై మన సంఘము ఆదివారపు తరగతి పెట్టినది. పాఠములకు పుస్తకము కావలసి వచ్చినది. ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు పండితులు స్వంత ఖర్చుతో అచ్చు వేయించిన పిల్లల వాచకము ఒక ప్రతి మాకు దొరికినది. వెల తొంబది రూపాయలు. జిరాక్సు తీయించి తీగచుట్ట బైండు చేయించినచో ప్రతి ఒక్కటికి అరువది రూపాయలే అయినది. నలుబది ప్రతులు తీయించినాము. సంఘమునకు పన్నెండు వందల రూపాయలు మిగిల్చినామని కార్యవర్గ సమావేశములో మమ్ము మెచ్చుకొన్నారు కూడ.

నిరుడు ఉగాది సభకు ఆ పండితులనే ముఖ్య అతిథిగా పిలిచినాము. పిల్లలు వేదిక ఎక్కి, ఆ జిరాక్సు ప్రతులు చేతబట్టుకొని పాఠములు చదివినారు. మాష్టారు ఒక పిల్లవాని చేతిలోని ప్రతిని తీసికొని, పుటలు త్రిప్పి చూచి, నవ్వి తిరిగి ఇచ్చివేసినారు. సభలో ఒక్క మాట అనలేదు. రాత్రి సెంట్రలులో బండి ఎక్కించుటకు పోయినప్పుడు మాత్రము నెమ్మదిగా అన్నారు: "ముందుగా ఒక ఉత్తరము ముక్క వ్రాసి ఉంటే, అచ్చు ఖర్చుకే పంపించేవాణ్ణి కదా నాయనా. అయిదు వందలు వేయించాను. మూడు వందల పైచిలుకు అటక మీదనే ఉన్నాయి. రెండో భాగం వ్రాసిపెట్టాను. మొదటిది కదిలితే కదా అది అచ్చుకు పోయేది!"

బండి కదిలినది. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తరువాత సెలవు దినములలో గ్రంథాలయములకు పోయి, ఈ గ్రంథస్వామ్యము అనునది ఎక్కడ పుట్టినది, ఎట్లు పెరిగినది, మనవరకు ఎట్లు వచ్చినది అని చదువసాగినాము. మేము వకీళ్లము కాము. మెట్రిక్కు చదివి బుకింగు కౌంటరులో కూర్చుండు గుమాస్తాలము. చదివినంతలో తెలిసినది మీతో పంచుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

తాళపత్రముల కాలము

అచ్చుయంత్రము రాకమునుపు, నకలు వ్రాయుట దోషము కాదు సరిగదా, పుణ్యకార్యము. తాటాకు గ్రంథము పురుగు పట్టును, చెమ్మకు చెడును. ఎవరో ఒకరు మరల వ్రాయకున్నచో ఆ గ్రంథము పోవును. మన పూర్వకవుల కావ్యములు మనదాకా వచ్చినవంటే, పేరు తెలియని వ్రాయసకాండ్ర గంటపు చలువయే. పందొమ్మిదవ శతాబ్దములో సి.పి. బ్రౌను దొర పండితులను, వ్రాయసకాండ్రను తన సొమ్ముతో పోషించి వ్రాతప్రతులు సేకరింపజేసి, సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఆ పని జరుగకుండిన నేడు మనకు లేని పుస్తకములు ఎన్ని ఉండెడివో!

మరి కవికి జీవనము ఎట్లు? ఆనాడు కావ్యము కన్యవంటిది. కవి దానిని కృతిభర్తకు సమర్పించును. ఆయన అగ్రహారమో, ధనమో ఇచ్చి సత్కరించును. తిక్కన తన భారతమును హరిహరనాథునికి, పోతన భాగవతమును శ్రీరామునికి అంకితము చేసినారు గాని, లోకరీతి మాత్రము కృతిభర్తను ఆశ్రయించుటయే. కవికి ప్రతిఫలము ఒక్కసారి ముట్టెడిది. తరువాత ఎందరు వ్రాసికొన్నను అది కీర్తియే గాని నష్టము గాదు.

అయితే దొంగతనము అను మాట మన పెద్దలకు తెలియనిది కాదు. సుమారు పదవ శతాబ్ది మొదట రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో ఒక కవి మరియొక కవి పదమును, భావమును ఎత్తికొనుట ఎన్ని విధములో, అందులో ఏది తగును, ఏది తగదు అని అధ్యాయములకు అధ్యాయములు విచారించినాడు. అక్కడ విచారము కీర్తిని గూర్చి. పుస్తకము ప్రతులపై సొమ్ము రాబడి అను ప్రశ్న అచ్చుయంత్రముతోనే పుట్టినది.

లండను పుస్తక వర్తకులు

ఆ ప్రశ్నకు మొదటి చట్టము ఇంగ్లండులో వచ్చినది. అక్కడ 1557లో మేరీ రాణి స్టేషనర్సు కంపెనీ అను ముద్రాపకుల, పుస్తక వర్తకుల సంఘమునకు సన్నదు ఇచ్చినది. సంఘ సభ్యుడు తన పుస్తకము పేరు సంఘపు రిజిస్టరులో ఎక్కించినచో, మరి ఏ సభ్యుడును దానిని అచ్చు వేయరాదు. ప్రభుత్వమునకు గిట్టని పుస్తకము అచ్చు కాకుండ చూచుట ఆ సంఘము చేయవలసిన చాకిరి. గుత్తాధిపత్యము దానికి దొరకిన కూలి. ఇందులో రచయిత ఊసు లేదు. వ్రాతప్రతి అమ్మినవెనుక అతనికి సంబంధము తీరిపోయెడిది.

ముద్రణకు ముందుగా అనుమతి పొందవలెనను చట్టము 1695లో గడువు తీరి పోయినది. అచ్చుకు కట్టు తెగినది. ఎవరి పుస్తకమునైనను ఎవరైనను వేసికొనసాగినారు. రాబిన్‌సన్ క్రూసో వ్రాసిన డేనియల్ డీఫో 1701లో ప్రకటించిన ఒక హాస్యకావ్యమును ఇతరులు తప్పులతడకగా అచ్చు వేసి, ఒకటి రెండు పెన్నీలకు వీధులలో అమ్మినారు. అట్టి చౌక ప్రతులు 80,000 అమ్ముడుపోయినవని డీఫోయే వాపోయినాడు. అప్పటికే ఇంగ్లీషువారు ఇట్టి ముద్రాపకులను సముద్రపు ఓడదొంగల పేరుతో పిలుచుచుండిరి. పైరసీ అను మాట నేటి ఇంటర్నెట్టు కాలములో పుట్టినదని అనుకొనువారు ఇది గమనింపవలెను.

చివరకు అన్నె రాణి కాలమున పార్లమెంటు చేసిన చట్టము 1710 ఏప్రిల్ 10వ తేదీన అమలులోనికి వచ్చినది. విద్యను ప్రోత్సహించుటకు చేసిన చట్టమని దాని పేరులోనే ఉన్నది. అనుమతి లేని ముద్రణ వలన గ్రంథకర్తలును వారి కుటుంబములును చితికిపోవుచున్నారనియు, చదువుకొన్నవారు ఉపయోగకరమైన పుస్తకములు వ్రాయుటకు ఉత్సహింపవలెననియు దాని పీఠికలో కారణము చెప్పినారు. హక్కు మొదటిసారిగా గ్రంథకర్తదని చట్టము ఒప్పుకొన్నది. క్రొత్త పుస్తకమునకు 14 సంవత్సరములు. అప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మరి 14 సంవత్సరములు. పాత పుస్తకములకు 21 సంవత్సరములు. దొంగ అచ్చు వేసినవానికి కాగితము ఒక్కింటికి ఒక పెన్నీ జుల్మానా. అందులో సగము రాణికి, సగము దావా వేసినవానికి. పుస్తకము తొమ్మిది ప్రతులు గ్రంథాలయములకు ఇవ్వవలెను.

ఇందులో రెండు సంగతులు చూడవలెను. హక్కు ఇచ్చినారు, హక్కునకు గడువును పెట్టినారు. మా కౌంటరు భాషలో చెప్పినచో ఇది సీజను టిక్కెట్టు వంటిది. గడువులోపల దానిని ఎవరును కాదనరాదు. గడువు తీరినవెనుక అది ఎవరికిని చెల్లదు.

లండను వర్తకులకు ఈ గడువు రుచింపలేదు. చట్టము ఏమన్నను, గ్రంథముపై హక్కు పొలముపై హక్కువలె శాశ్వతమని వాదించినారు. 1769లో ఒక తీర్పు వారికి అనుకూలముగా వచ్చినది. ఎడింబరోలో అలెగ్జాండరు డొనాల్డ్‌సన్ అను పుస్తక వర్తకుడు ఉండెడివాడు. గడువు తీరిన పుస్తకములను చౌకగా అచ్చు వేసి, లండనులోనే దుకాణము తెరచి అమ్మినాడు. జేమ్సు థామ్సన్ అను కవి ఋతువులపై వ్రాసిన కావ్యమును గూర్చి వ్యాజ్యము నడచినది. ఆ కవి 1748లోనే చనిపోయినాడు. హక్కు కొన్న వర్తకులు మాత్రము కోర్టులో నిలబడినారు. 1774 ఫిబ్రవరిలో ప్రభువుల సభ డొనాల్డ్‌సన్ పక్షమున తీర్పు చెప్పినది. అచ్చయిన పుస్తకమునకు శాశ్వత హక్కు లేదు. చట్టమిచ్చిన గడువే గడువు. ఎడింబరోలో మంటలు వేసి, దీపములు పెట్టి పండుగ చేసికొన్నారట! ఒకనాడు దొంగ అనిపించుకొన్నవాడే ఆనాడు చదువరులకు బంధువైనాడు.

మెకాలే చెప్పిన జోస్యము

1841లో టాల్ఫోర్డు అను పార్లమెంటు సభ్యుడు, గ్రంథకర్త మరణించిన తరువాత 60 సంవత్సరముల వరకు హక్కు ఉండవలెనని బిల్లు తెచ్చినాడు. దానిని ఎదిరించి ఓడించినవాడు మనకు బాగుగా తెలిసిన మెకాలే. అప్పటికి మూడేండ్ల క్రిందటనే అతడు హిందూ దేశమునుండి తిరిగిపోయినాడు. అతని వాదము సారాంశమిది. గ్రంథస్వామ్యమనగా గ్రంథకర్తకు జీతమిచ్చుటకై చదువరులపై వేయు పన్ను. గ్రంథకర్త బ్రతుకవలెను గనుక ఆ పన్ను అవసరమే. కాని చనిపోయిన అరువది ఏండ్లకు వచ్చు సొమ్ము వానిచేత ఒక్క పుటయైనను ఎక్కువ వ్రాయింపదు. అది పోవునది వర్తకుని పెట్టెలోనికే.

మరియొక హెచ్చరిక కూడ చేసినాడు. హక్కును మితిమీరి బిగించినచో జనము చట్టమును గౌరవించుట మానుదురు. మర్యాదస్థులే దొంగ ప్రతి కొని దాచుకొందురు. దొంగను జనము మెచ్చుకొన్న దినమున, బ్రతికియున్న రచయితకు న్యాయముగా రావలసిన సొమ్మును కాపాడు కంచె కూడ కూలిపోవును. ఈ మాట మీరు గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు ముందు పని పడును. 1842 చట్టములో 42 సంవత్సరములు, లేక గ్రంథకర్త జీవితకాలముపై 7 సంవత్సరములు, ఏది ఎక్కువయైన అది గడువుగా నిర్ణయించినారు.

మన దేశమునకు చట్టము వచ్చుట

కుంఫిణీ ప్రభుత్వము 1847లో ఇదే గడువుతో మన దేశమునకు మొదటి కాపీరైటు చట్టము చేసినది. 1867లో అచ్చుయంత్రముల, పుస్తకముల రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. అచ్చయిన ప్రతి పుస్తకము ప్రతులను ప్రభుత్వమునకు ఇవ్వవలెను. వాటి పట్టికలను మూడు నెలలకొకసారి ప్రకటించెడివారు. ఉద్దేశము నిఘాయే అయినను, ఆనాడు తెలుగులో ఏ ఏ పుస్తకములు అచ్చయినవో నేటివారు తెలిసికొనుటకు ఆ పట్టికలే ఆధారము.

1886లో బెర్నులో అంతర్జాతీయ ఒడంబడిక జరిగినది. 1908 బెర్లిను సవరణతో, రిజిస్టరు చేయకున్నను వ్రాసినంతనే హక్కు కలుగునని స్థిరపడినది. కావున "కాపీరైటు రిజిస్టర్డు" అను ముద్ర లేని పుస్తకము ఎవరైనను వేసికొనవచ్చునను మాట వట్టి అపోహ.

1914లో మన దేశమునకు క్రొత్త చట్టము వచ్చినది. గడువు గ్రంథకర్త జీవితకాలముపై 50 సంవత్సరములైనది. అయితే అందులో మన భాషలకు పనికివచ్చు వెసులుబాటు ఒకటి ఉండెను. మన దేశములో మొదట ప్రకటింపబడిన గ్రంథమును అనువదించు హక్కు గ్రంథకర్తకు పది సంవత్సరములే. ఆ పదేండ్లలో ఆయన ఏ భాషలోనికి అనువాదము ప్రకటించినాడో ఆ భాషకు మాత్రమే హక్కు నిలుచును. తక్కిన భాషలవారు తరువాత స్వేచ్ఛగా అనువదించుకొనవచ్చును. బెంగాలీ నవలలు తెలుగు ఇండ్లలో స్వంత నవలలవలె చదువబడిన కాలమది. శరత్‌బాబు తెలుగువాడే అనుకొన్నవారు ఉండిరి. ఇట్టి రాకపోకలకు చట్టము అడ్డుపడకుండుట మన అదృష్టము.

భారతి పాటలు ఎవరివి?

ఈ చెన్నపట్టణములోనే జరిగిన ఒక కథ చెప్పక తప్పదు. తెలుగు సుందరమని మెచ్చిన తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1921లో ఇక్కడనే పేదరికములో కన్నుమూసినారు. తమ రచనలన్నియు అచ్చు వేయింపవలెనని చివరి దినములలో చందాలకై ప్రయత్నించి విఫలులైనారు. పోయిన తరువాత ఆ పాటల విలువ పెరిగినది. గ్రామఫోను రికార్డుల హక్కు ఒక వర్తకునికి పోయి, ఆయన నుండి చిత్రనిర్మాత ఏ.వి. మెయ్యప్ప చెట్టియారుకు వచ్చినది. 1947లో ఆయన తీసిన "నామ్ ఇరువర్" చిత్రములో ఆ పాటలు మారుమ్రోగినవి. మరియొక చిత్రములో భారతి పాట వాడుకొన్న నటులకు మాత్రము లాయరు నోటీసు అందినది.

దేశమంతయు పాడుకొనుటకు వ్రాసిన పాటకు ఒక వ్యక్తి అనుమతి కావలెనా అని తమిళ రచయితలు ఆందోళన చేసినారు. 1949లో మద్రాసు ప్రభుత్వము భారతి రచనల హక్కులను తీసికొన్నది. కుటుంబమునకు ప్రతిఫలము చెల్లించినది. చెట్టియారు తన హక్కును సొమ్ము తీసికొనకయే వదలుకొన్నారు. తరువాత ప్రభుత్వము ఆ రచనలను ప్రజలపరము చేసినది. ఇక్కడ ఎవరిని దొంగ అందుము? హక్కు కొన్నవాడు న్యాయముగానే కొన్నాడు. పాడినవాడు భక్తితోనే పాడినాడు. అన్యాయమైపోయినవాడు ఒక్కడే; ఆయన బ్రతికియుండగా ఎవరును పుస్తకము కొనలేదు.

ఠాగూరు, గాంధీ

స్వతంత్ర భారతపు కాపీరైటు చట్టము 1957లో చేయబడి, 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. ఎన్ని సవరణలు జరిగినను నేటికిని అదియే మూలము. గడువు మరణానంతరము 50 సంవత్సరములుగానే ఉంచినారు. 1941లో మరణించిన రవీంద్రుని రచనలకు 1991 డిసెంబరు 31తో గడువు తీరవలసియుండెను. విశ్వభారతి హక్కులు పోవుచున్నవని కలవరము పుట్టినది. డిసెంబరు 28న ఆర్డినెన్సు, 1992లో చట్టము. గడువు 60 సంవత్సరములైనది. ఒక్క రవీంద్రునికై చేసిన పొడిగింపు దేశములోని రచయితలందరికిని వర్తించినది. మెకాలే 1841లో ఓడించిన అరువది ఏండ్లను మనము నూట యాభై ఏండ్ల తరువాత ఒప్పుకొన్నాము! విశ్వకవి రచనలు 2002 జనవరి 1న ప్రజలపరమైనవి.

గాంధీ మహాత్ముని త్రోవ వేరు. 1910లో హింద్ స్వరాజ్ ఇంగ్లీషు ప్రతిపై ఏ హక్కులును ఉంచుకొనలేదని అచ్చు వేయించినారు. తరువాత, తమ మాటలను వర్తకులు పాడుచేయకుండుటకును, వచ్చిన ఆదాయము ప్రజాసేవకు పోవుటకును, హక్కులను నవజీవన్ ట్రస్టుకు అప్పగించినారు. 2008తో గడువు తీరినప్పుడు ఆ ట్రస్టు పొడిగింపు కోరలేదు.

మన తెలుగువారి లెక్క కూడ చూచెదము. మరణించిన మరుసటి జనవరి నుండి 60 సంవత్సరములు లెక్కింపవలెను. గురజాడ, వీరేశలింగము, చిలకమర్తి ఎన్నడో ప్రజలపరమైనారు. వారి రచనలను వికీసోర్సులో ఉచితముగా చదువవచ్చును. 1976లో కీర్తిశేషులైన విశ్వనాథవారి రచనలకు 2036 వరకు, చలముగారివాటికి 2039 వరకు, శ్రీశ్రీవాటికి 2043 వరకు గడువు ఉన్నది.

టేపులు, తెరలు

పుస్తకమును దొంగిలించుటకు అచ్చుయంత్రము కావలెను. పాటను దొంగిలించుటకు రెండు టేపు రికార్డరులు చాలును. క్యాసెట్లు, వీడియోలు వచ్చిన తరువాత 1984లో చట్టమును సవరించి, శిక్షను కనీసము ఆరు నెలల నుండి మూడేండ్ల ఖైదుగాను, జుల్మానాను 50,000 నుండి 2 లక్షల రూపాయలుగాను పెంచినారు. కంప్యూటరు ప్రోగ్రాములను కూడ గ్రంథములతో సమానముగా పరిగణించినారు.

ఇంతలో పాట వ్రాసినవానికి ఏమి దక్కినది? నిర్మాత డబ్బిచ్చి వ్రాయించుకొన్న పాటపై హక్కు, వేరే ఒప్పందము లేనిచో, నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పాట తరతరములు మ్రోగినను కవికి ఆనాడు ఇచ్చినదే కడపటిది. 2012 సవరణలో గాని ఇది సర్దుకొనలేదు. గీతకర్త, సంగీతకర్త తమ రాయల్టీ వాటాను వదలుకొన్నట్లు ఒప్పందము వ్రాసినను అది చెల్లదని అందులో చెప్పినారు.

ఇంటర్నెట్టు వచ్చి మొత్తము లెక్క మార్చివేసినది. టేపు నకలుకు నకలు తీసినచో ధ్వని చెడును. కంప్యూటరు నకలు వేయవదైనను మొదటిదానివలెనే ఉండును. ఖర్చు లేదు, బరువు లేదు, పార్సెలు ఆఫీసుతో పని లేదు. 1999లో అమెరికాలో నాప్‌స్టర్ అను ఏర్పాటు పుట్టి, జనము తమ కంప్యూటర్లలోని పాటలను ఒకరికొకరు పంచుకొనసాగినారు. కోర్టు ఆజ్ఞలతో అది 2001లో మూతబడినది గాని, దారి తెలిసిన జనము ఆగలేదు. అంతకు ముందే 1996లో ఈ క్రొత్త యుగమునకై రెండు అంతర్జాతీయ ఒడంబడికలు జరిగినవి. మన దేశము వాటిలో 2018లో చేరినది. 2012 సవరణలోనే, కంప్యూటరు ప్రతులకు వేసిన తాళమును దొంగతనమునకై పగులగొట్టినవారికి రెండేండ్ల వరకు ఖైదు విధించు నిబంధన చేర్చినారు.

దొంగ ఎవరో తెలియనిచో దావా ఎవరిపై వేయవలెను? పాశ్చాత్య దేశములలో "జాన్ డో" అను కల్పిత నామముపై వేయుదురు. మన కోర్టులలో అట్టివాటికి "అశోక్ కుమార్" ఉత్తరువులని పేరు వచ్చినది. 2002లో ఫుట్‌బాలు ప్రసారములను దొంగిలించు కేబులువారిపై ఢిల్లీ హైకోర్టు ఇట్టి ఉత్తరువు ఇచ్చినది. ఒక వెబ్‌సైటును మూసినచో మరునాడు వేరొక పేరుతో లేచును. దానికి 2019 ఏప్రిల్ 10న అదే కోర్టు ఒక ఉపాయము చెప్పినది. మారుపేరుతో లేచిన ప్రతి దొంగ సైటుపై మరల దావా వేయనక్కరలేక, పాత ఉత్తరువునే దానికిని వర్తింపజేయవచ్చును. అన్నె రాణి చట్టము అమలైన తేదీయు అదే. 309 సంవత్సరములు గడచినవి. తగవు మాత్రము అదే.

తెలుగు సినిమాకు తగిలిన దెబ్బలు మీకు తెలియనివి కావు. 2013లో "అత్తారింటికి దారేది" చిత్రము సగభాగము విడుదలకు ముందే బయటపడినది. హడావిడిగా సెప్టెంబరు 27న విడుదల చేసినారు. జనము థియేటరుకే పోయి చూచి దానిని నిలబెట్టినారు. 2023లో సినిమాటోగ్రాఫు చట్టమును సవరించి, థియేటరులో దొంగచాటుగా చిత్రించినవారికి మూడు నెలల నుండి మూడేండ్ల ఖైదు, 3 లక్షల రూపాయలు మొదలు చిత్ర నిర్మాణవ్యయములో నూటికి అయిదు వంతుల వరకు జుల్మానా అని విధించినారు. 2025 నవంబరులో, పేరుమోసిన ఒక దొంగ సినిమాల వెబ్‌సైటు నడిపినాడను అభియోగముపై హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేసినారు. అప్పుడు సెల్‌ఫోనులలో అతనిని పొగడినవారు ఎందరో! టిక్కెట్టు ధరలు మండుచున్నవి, పేదవాడు ఎట్లు చూడవలెను అని వారి ప్రశ్న. మెకాలే 1841లో చెప్పిన జోస్యము ఇంత చక్కగా ఫలించునని మేము అనుకొనలేదు.

చదువుకొనువారి సంగతి

చట్టమంతయు హక్కుదారుల వైపే యున్నదని తలపరాదు. 2012లో మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయము ఆవరణలోని ఒక జిరాక్సు దుకాణముపై వ్యాజ్యము వేసినవి. పాఠ్య పుస్తకములలోని భాగములను కూర్చి నకళ్లు అమ్ముచున్నదని ఆరోపణ. 2016లో హైకోర్టు బోధనకై తీసిన అట్టి నకళ్లకు చట్టమే మినహాయింపు ఇచ్చినదని తీర్పు చెప్పినది. అంధులకై పుస్తకములను వారు చదువగల రూపములోనికి మార్చుటకు అనుమతినిచ్చు మరకేషు ఒడంబడిక 2013లో జరుగగా, 2014లో దానిని అందరికంటె ముందుగా ధ్రువీకరించినది మన దేశమే. ఇది మనము గర్వింపదగిన విషయము.

మరి మా నలుబది జిరాక్సు ప్రతులు ఆ ఢిల్లీ తీర్పు నీడలోనికి వచ్చునా? పుస్తకము మొత్తము తీయించినాము గనుక రాదని ఒకరు, పాఠమునకే గనుక వచ్చునని ఒకరు అన్నారు. వకీళ్లు తేల్చవలసిన మాట అది. మాకు మాత్రము ఆ ప్రశ్నతో తృప్తి కలుగలేదు. కోర్టు మమ్ము విడిచిపెట్టినను, మాష్టారి అటక మీది మూడు వందల ప్రతులు అక్కడనే యుండును. రెండవ భాగము వ్రాతప్రతిగానే యుండును.

కౌంటరులో మాకు దినమును వినబడు వాదమొకటి కలదు. టిక్కెట్టు లేకుండ పట్టుబడినవాడు, "నేను ఎక్కకున్నను ఈ బండి పోయెడిదే గదా! ఎవరికి నష్టము?" అనును. నిజమే, ఈనాటి బండి పోవును. రేపటి బండికి బొగ్గు, కరెంటు ఎవరు పెట్టవలెను? పుస్తకము కూడ అంతే. ఉన్న పుస్తకమును నకలు బ్రతికించును. వ్రాయవలసిన పుస్తకమును కొనుగోలే పుట్టించును. తాటాకుల కాలములో మనకు మొదటిది కావలసియుండెను. నేడు రెండవది కావలెను. చట్టము ఈ రెంటికిని నడుమ గీచిన గీత. ఆ గీత ఒక్కొక్కప్పుడు వర్తకుని వైపు జరుగును, ఒక్కొక్కప్పుడు చదువరి వైపు జరుగును.

తెలుగుదేశమునకు దూరముగా ఉన్న మనకు ఇది మరింత ముఖ్యము. అక్కడ పుస్తకమునకు బడి ఉన్నది, ప్రభుత్వ గ్రంథాలయము ఉన్నది. ఇక్కడ మన పిల్లలకు తగిన తెలుగు పుస్తకము వ్రాయువారే అరుదు. వ్రాసిన ఒక్కరిని మనమే కొనక నిలిపివేసినచో, తరువాత వ్రాయువారు ఉండరు. అట్లని కాలము తీరిన పుస్తకములను వాడుకొనుటకు జంకనక్కరలేదు. అవి మన తాతల ఆస్తి. తీసికొని, నకలు తీసి, పిల్లలకు పంచుదము. వెల ఎక్కువైనదో, దొరకనిదో అయినచో ఒక ఉత్తరము వ్రాసి అడుగుదము. అడిగినచో కాదను తెలుగు రచయిత అరుదు.

మన సంఘము ఇంతవరకు చేసినది కొంచెము. మాష్టారికి క్షమాపణ ఉత్తరము వ్రాసి, నలుబది అసలు ప్రతులు పూర్తి వెలకు తెప్పించినాము. జిరాక్సు ప్రతులను ఏమి చేయవలెనని అడిగితిమి. పిల్లలు గీతలు గీసికొనుటకు ఉంచుమని వ్రాసినారు. రెండవ భాగమునకు యాభై ప్రతుల సొమ్మును ముందుగానే పంపినాము. అది ఇంకను అచ్చు కాలేదు. అచ్చుకూటమువారు మరి వంద ప్రతులకు ఆర్డరు ఉన్నగాని మొదలుపెట్టుటకు వీలుపడదని చెప్పినారట. ఈ సంచిక చదువు పెద్దలలో ఎవరి ఇంటనైనను తెలుగు నేర్వవలసిన పిల్లలున్నచో, సంఘ కార్యాలయములో పేరు ఇచ్చి పోవలసినదిగా కోరుచున్నాము.